అయిదడుగుల వెడల్పు

పాత పరుపుకి నడుమ ఒకటే గుంట.
మనుషులం ఇద్దరం, పెళ్ళయి పదకొండేళ్ళు,
గుంట మాత్రం ఒకటే.
బూరుగు దూది ఉండలు కట్టి
చుట్టూ గట్టేసుకుంది, రొయ్యల చెరువుకి మల్లే.

నేను లేచేది నాలుగింటికి.
అయిదుకి కంపెనీ వ్యాను సందు చివర హారను కొడుతుంది.
పెంచలయ్య పోర్టులో నైటు దిగి
ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.
నేను ఐసు నీళ్ళలో వేళ్ళు ముంచి
రొయ్య తలకాయలు తుంచే వేళకి
ఆయన నా గుంటలో ఉంటాడు.
రాత్రికి ఆయన గుంటలో నేను.

నడుం ముందు ఆయనకే పట్టింది.
క్రేను మెట్లు దిగలేక సగంలో కూలబడ్డాడంట.
ఆ నెల చీటీ పాడేశా.
"ఏం చెంగమ్మా, పరుపుకా ఇంత లెక్క?" అంటూనే
ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొట్టు. అద్దం తలుపు, లోపల చలవ.
చెప్పులు బయట విడిచి
కాళ్ళ పగుళ్ళు కనపడకుండా
వేళ్ళు ముడుచుకుని నడిచా.
జిలానీ అని కుర్రాడు, మెడలో కొలత టేపు:
"పడుకుని చూడండక్కా. మాటలతో పరుపు తెలీదు."

పడుకోవాలంట!
పట్టపగలు, పదిమంది తిరిగే చోట, మొగుడి పక్కన.
కొంగు రెండుసార్లు సర్దుకుని
అంచు మీద ఒరిగా.

"ఏ పక్కకి తిరిగి పడుకుంటారు సార్?"
ఆయన నా వంక చూశాడు.
"మీరక్కా?"
నేను ఆయన వంక చూశా.
ఒకరి నిద్ర ఒకరం చూసి ఎన్నాళ్ళయిందో
ఆ పిల్లోడికి ఎట్టా చెప్పేది?
గురక పెడతాడో లేదో కూడా మరిచిపోయా.
దిండు మీద ఆయన గ్రీసు వాసన నాకు తెలుసు.
ఎంత సబ్బు రుద్దినా పోని నా నీచు వాసన ఆయనకి తెలుసు.

"ఇది కంపెనీదక్కా. ఒకరు ఎంత దొర్లినా
పక్కనోళ్ళకి తెలీనే తెలీదు."
గ్లాసుతో నీళ్ళు పెట్టి, పక్కన పిడికిలితో గుద్ది చూపించాడు.
నీళ్ళు తొణకలేదు.
"తెలీకపోతే ఇంకెందుకయ్యా?"
నోరు జారింది.
జిలానీ నవ్వాడు.
పెంచలయ్య నవ్వలేదు,
పైన తిరిగే ఫానునే చూస్తా పడుకున్నాడు.

కొబ్బరి పీచుది, గట్టిది, నడుముకి మంచిదని
అదే ఖాయం చేశాం.
ఇక కొలత.
"మూడడుగులది చాల్లే," అన్నాడాయన,
"ఒక పూటకి ఒకరమే గదా. మూడువేలు మిగల్తాయి."

నిజమే. ఆ మాటలో తప్పేం లేదు.
మూడువేలంటే ఎన్ని కిలోల రొయ్యలో
నా వేళ్ళకి తెలుసు.
"అయిదడుగులది" అన్నా.
"ఎందుకు?"
చెప్పడానికి మాట దొరకలా.
"ఎప్పుడన్నా డే డ్యూటీ పడదా నీకు?"

ఆయన బొటనవేలు తడుపుకుని
నోట్లు ఎంచాడు. ఒకసారి తప్పి, మళ్ళీ ఎంచాడు.

ట్రాలీ ఆటోకి తాడు పొట్టిదయింది.
ముత్తుకూరు రోడ్డు గాలికి పరుపు లేవకుండా
ఇద్దరం దాని మీదే కూచున్నాం,
నడినెత్తిన ఎండ, దారినపోయే బస్సులన్నీ చూస్తుంటే.
అప్పుడు నవ్వాడు మా ఆయన.

మంచం చాలలేదు. నేల మీదే పరిచాం.
ఆ రాత్రి గోడ వైపు జరిగి పడుకున్నా.
గట్టి పరుపు, కొత్త వాసన,
పక్కన అంత చోటు. నిద్ర పట్టలా.
తెల్లారుజామున దుప్పటి సర్ది వ్యానెక్కా.

సాయంత్రం నేనొచ్చేసరికి
కారేజీ సర్దుకుంటా ఉన్నాడు.
పరుపు ఎట్టుందో ఆయన చెప్పలా,
నేనూ అడగలా.
ఆయన గడప దాటాక చూశా:
తలుపు వైపు దుప్పటి నలిగి ఉంది.
గోడ వైపు
నేను సర్దినట్టే ఉంది.