ఏడిపించే పని

చింబోతే రేవులో తెల్లవారకముందే
నా పని మొదలవుతుంది: ఏడిపించడం.
బల్ల మీద పన్నెండు పెట్టెలు,
ఒక్కోటీ సబ్బుబిళ్లంత.
సిలిండర్ గొట్టం మూతికి ఆనించి
చిటికెడు విషం ఊదుతాను.
ఎర్రదీపం. వణుకు. చెవులు చిల్లులు పడే కేక.
ఏడ్చినదాని పేరున పుస్తకంలో గీత గీస్తాను.
ఏడవనిదాన్ని సొరుగులో వేసి తాళం పెడతాను.
మంత్రసానికీ నాకూ ఒకటే బెంగ,
నోరు తెరిస్తే చాలు.

సెగుండినో మొదట్లో నవ్వేవాడు.
"నెలిదా, నా ముక్కుండగా నీ సబ్బుబిళ్లెందుకు?"
ఆ ముక్కు మామూలుది కాదులే.
ఆంకోవీ చేప వల్లో పడి ఎన్ని గంటలైందో
పడవ ఒడ్డు తాకకముందే చెప్పేది.
అత్తగారు పులుసులో ఉప్పు మరిచిన సంగతి
వీధి మలుపులోనే కనిపెట్టి
అటునుంచి అటే సారాకొట్టుకి మళ్లించేది.

కానీ పడవ కడుపులో,
చేపల నెత్తురూ ఉప్పునీళ్లూ మగ్గిన చోట
పుట్టే గాలి వేరు.
మొదట కుళ్లిన గుడ్డులా పలకరిస్తుంది.
రెండు మూడు ఊపిర్లు.
తర్వాత వాసన పోతుంది.
గాలి పోదు.
ముందు ముక్కుని పడగొట్టి
అప్పుడు మనిషి దగ్గరకొస్తుంది,
దొంగ ముందుగా కుక్కకి అన్నం పెట్టినట్టు.

"వాసన తగ్గిందిరా, దిగొచ్చు"
అన్నాడట మా అన్న ఫౌస్తో,
పదకొండేళ్ల కిందట.
కిందపడ్డ పార కోసం దిగాడు.
అతని కోసం విల్మెర్ దిగాడు.
విల్మెర్ కోసం వాళ్ల మామ.
నాలుగోవాణ్ణి వంటవాడు నడుం పట్టుకుని ఆపాడు,
ఆ నాలుగోవాడు వంటవాణ్ణి కొరికాడు.
మచ్చ ఇప్పటికీ ఉంది, చూపిస్తాడు.

పెట్టె లేకపోలేదు.
కెప్టెన్ గదిలో, అలమర పైన,
ప్లాస్టిక్ కవరు విప్పకుండా,
వారంటీ కాగితంతో సహా
భద్రంగా ఉంది.

మొన్న గురువారం సంగతి.
పంకా గంటసేపు తిరిగింది. గాలి కొలిచారు, సున్నా.
సెగుండినో దిగాడు, నడుముకి తాడు,
ఛాతీ మీద ఏడో నంబరు పెట్టె.
అడుగున గట్టిపడ్డ మడ్డిలో పార గుచ్చాడు.
అంతే, పెట్టె గోల.
"అబద్ధం! వాసనే లేదు!" అని కిందనుంచి అరిచాడు,
అరుస్తూనే నిచ్చెన ఎక్కాడు.
తాడు పట్టుకున్న యెసెనియా లాగుతూనే ఉంది,
అతను పైకొచ్చి కూర్చున్నాక కూడా.

పెట్టెలో మిగిలిన అంకె: నూట నలభై.
సెగుండినో దాన్ని చాలాసేపు చూశాడు.
తన ముక్కుని వేళ్లతో పట్టుకున్నాడు,
ఉందో లేదో అన్నట్టు.
"గుడ్డు వాసన కూడా రాలేదు నెలిదా.
ఒక్కసారి కూడా."

సాయంత్రం కాగితం నింపాను.
గాయపడ్డవారు: ఎవరూ లేరు.
పని నష్టం: మూడు గంటలు.
మేనేజరు మూడు కింద రెండు గీతలు గీశాడు.
అతను ఆ రాత్రి ఇంట్లో ఉప్పులేని పులుసు తిన్నాడని
రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.
పత్రికకీ ఏం చెబుతాం?
ఒక మనిషి దిగాడు, ఎక్కాడు.

మర్నాడు తలుపు తీసేసరికి
చీకట్లో గుమ్మం మీద కూర్చుని ఉన్నాడు.
పక్కన ఒక పెలికాన్, అతని భోజనం డబ్బా వంక చూస్తూ.
లోపలికొచ్చి ఏడో నంబరు తీసి
నా ముందు పెట్టాడు.
"ఏడిపించు."
ఊదాను. అరిచింది.
"ఇంకోసారి," అన్నాడు.