ముప్పై రెండు వేల ఏడు వందల అరవై తొమ్మిదోది

ఏమ్స్‌హావెన్‌లో నవంబరు రాత్రి.
గాలి గోడని భుజంతో తోస్తోంది.
లోపల మాత్రం ఎప్పటి వేసవే,
యంత్రాలు వదిలే వెచ్చటి ఊపిరి.
చెవులకి మూతలు పెట్టుకుని నేనూ రెదువానూ
ఒకరి పెదవులు ఒకరం చదువుకుంటూ పనిచేస్తాం.

పధ్నాలుగో వరసలో, మోకాలి ఎత్తున,
పిజ్జా డబ్బా అంత స్విచ్చి.
నలభై ఎనిమిది గుమ్మాలు, నలభై ఎనిమిది పచ్చ దీపాలు,
ఏ దీపం తాళం దానిదే.
కొత్తగా చేరిన పిల్లలకి ఇలా చెబుతాను:
దీనికి బుర్ర లేదు, ఒక చిట్టా ఉంది.
ఎవరు ఏ గుమ్మం వెనక ఉంటారో రాసుకుంటుంది.
ఐదు నిమిషాలు పలకని వాళ్ళ పేరు
మొహమాటం లేకుండా కొట్టేస్తుంది.
అంత కటువు కాబట్టే ఇన్నేళ్ళు నడిచింది.

చిట్టాలో గళ్ళు
ముప్పై రెండు వేల ఏడు వందల అరవై ఎనిమిది.
సిలికాన్‌లో చెక్కిన గళ్ళు.
కాళ్ళావేళ్ళా పడ్డా ఇంకొకటి పుట్టదు.

ఆ రాత్రి ఎవరో ఎక్కడో మీట నొక్కారు.
ఒళ్ళంటూ లేని యంత్రాలు
వాన వెలిశాక ఉసిళ్ళలా లేచాయి.
ప్రతిదానికీ పన్నెండు అక్షరాల పేరు.
ప్రతిదీ గుమ్మంలో నిలబడి "నేను" అంది.
స్విచ్చి రాసుకుంది, రాసుకుంది, రాసుకుంది.
ఆ తర్వాత వచ్చినదానికి గడి లేదు.

అలారం మోగకముందే తాళం మారింది.
పచ్చ దీపాలన్నీ
ఒక్కసారిగా ఒకే అడుగు వేశాయి.
అందంగానే ఉంది,
రెదువాన్ నవ్వాడు కూడా.
నాకు మెడ వెనక చల్లబడింది.

చిరునామా తెలియని ఉత్తరాన్ని
స్విచ్చి చింపి పారేయదు.
నకళ్ళు తీసి ప్రతి గుమ్మంలోనూ పడేస్తుంది.
ఒకరి కబురు నలభై ఏడిళ్ళకి.
"నాది కాదు", "నాది కాదు" అని అందరూ విసిరేస్తుంటే
అసలు కబుర్లకి వీధిలో చోటెక్కడిది?
మా పనిలో దీన్ని వరద అంటారు.

సముద్రమట్టానికి దిగువన పుట్టినదాన్ని,
ఆ మాట నేను ఊరికే వాడను.
మా నాన్న హార్మ్ బోల్‌హౌస్
పంపుహౌస్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు నీటిమట్టం రాశాడు.
ఇంకా పెద్ద పంపు పెట్టొచ్చుగా అని చిన్నప్పుడు అడిగాను.
"పంపు పెరిగిందని సముద్రం జడుస్తుందా?
కట్ట వెనక కట్ట వేసుకోవాలి, గేషె."
మా వైపు నీటికి ఎదురు నిలిచేది మెలకువ కట్ట,
దాని వెనకది నిద్ర కట్ట,
ఇంకా వెనక, గొర్రెలు మేసేది, కల కట్ట.
మునిగితే ఒక మడి మునగాలి,
ఊరు కాదు.

ఫోన్లో తియార్డ్ గొంతు, నిద్రలోంచి:
"రేపే పెద్దది తెప్పిస్తా, గళ్ళు రెట్టింపు."
రెట్టింపు కూడా ఒక అంకే కదా అన్నాను.
అవతల దగ్గు వినబడింది.

రెండూ నలభైకి మొదలుపెట్టాం.
అంతస్తుని నాలుగు మడులుగా కోశాం,
గట్టుకొక రూటరు.
బయటివాడికి వీధి పేరు తెలిస్తే చాలు,
ఇంటి సంగతి వీధే చూసుకుంటుంది.
నాలుగు దాటాక దీపాలు
ఒకదాని అడుగు ఒకటి తప్పాయి.
అంత చక్కటి అపస్వరం నేనెప్పుడూ చూడలేదు.

చిట్టాలో పట్టని ఆ మొదటిదాన్ని
రెదువాన్ వెతికి పట్టుకున్నాడు.
ఏ ఆస్పత్రి లెక్కలో, ఎవరి పెళ్ళి ఫొటోలో అనుకున్నాం.
ఉత్త పరీక్ష యంత్రం. పనేమీ లేదు.
పుట్టింది, "నేను" అంది,
పదకొండు సెకన్లు చూసి ఆరిపోయింది.
దాని పన్నెండు అక్షరాలూ
అతను కాగితం కప్పు మీద రాసుకున్నాడు.
ఎందుకని నేనడగలేదు.

పొద్దున బయటికొస్తే గాలి పడిపోయింది.
కల కట్ట మీద గొర్రెలు,
ఎవరి మందో తెలిసేలా
వీపున నీలం రంగు.
ఒకదానికి మాత్రం వానకి కరిగి
సగమే మిగిలింది.