పట్టిన తేదీ

ఇసకపల్లి రోడ్డులో రొయ్యల కోల్డ్ స్టోరేజీ.
కాలేజీలో కరెంటు నిలవదని
నా సముద్రాన్ని ఇక్కడ దాచుకున్నాను.
తొమ్మిది ప్లాస్టిక్ గొట్టాలు,
వనామీ పెట్టెల వెనక, గోడవార.

వాచ్‌మన్ మీరాసాహెబ్ రిజిస్టరు తెరిచాడు.
సరుకు?
బురద.
కౌంటెంత?
చిటికెడుకు నాలుగు వేల గవ్వలు, అన్నాను.
నవ్వలేదు. రాసుకున్నాడు.
పట్టిన తేదీ?
ఆ గడి మీద పెన్ను ఆగింది.
ఖాళీగా వదిలెయ్ సాయిబూ, అన్నాను.

*

నిరుడు పోలయ్య సరంగు బోటు మీద తెచ్చాం వీటిని.
ఇనప గొట్టం నేలలో దిగబడితే
వించి తాడు చాలాసేపు వణికి
ఉన్నట్టుండి తేలికైంది.
పోలయ్య బురద వేలికి రాసుకుని చూశాడు.
"ఇదంతా మన పెన్న మన్ను కాదమ్మా.
కార్తీకంలో వాలు దక్షిణానికి తిరుగుద్ది గదా,
పైదేశం ఏళ్ళన్నీ మన ముంగిటే పోతాయి.
అప్పుడు వల్లో చేప బదులు గుర్రపుడెక్క పడుద్ది."
నేను మూడేళ్ళు చదువుకున్న పాఠం
ఆయన వేలి మీద ఆరిపోతోంది.

*

గవ్వంటే బీచిలో ఏరుకునే గవ్వ కాదు,
ఆవగింజ దాని పక్కన గుమ్మడికాయ.
పైనీళ్ళలో తేలుతూ బతికి,
తనున్న నీళ్ళతోనే ఇల్లు కట్టుకుని,
చచ్చాక జల్లెడలోంచి పిండిలా
చీకట్లోకి రాలిపోయింది.
వానలు దండిగా కురిసిన ఏళ్ళు
నీరు పలచన, గవ్వలో ఆక్సిజన్ తేలిక.
మొండికేసిన ఏళ్ళు ఉప్పన, బరువు.
సన్నకుంచె తడిపి ఒక్కొక్కటే ఏరతాను.
ఆసిడ్ చుక్కలో కరుగుతూ
అది వదిలే ఊపిరిని మిషను తూస్తుంది.
కళ్ళు మండుతాయి.
ఇంటికెళ్ళాక అన్నంలో రాళ్ళు కూడా కనపడవు.

*

ఆరో గొట్టం మీద బాణం చెరిగిపోయింది.
ఐసు కరిగి, సిరా కారి,
ఏ కొస పైదో తెలియదు.
ఇటు నుంచి చదివితే వానలు పెరుగుతున్నాయి.
అటు నుంచి చదివితే ఎండిపోతున్నాయి.
మూడు రోజులు తిప్పి తిప్పి చూశాను.
ఆ ముక్క వదిలెయ్యండి, అన్నారు ఫోనులో మా గైడు.
వెయ్యి వానకాలాలు
ఆయన గొంతులో ఒక ముక్క.

టీ వేళకి రొయ్యలు వలిచే షెడ్డులోంచి వెంగమ్మ వచ్చింది,
నీళ్ళకి నాని తెల్లబడ్డ వేళ్ళతో గ్లాసు పట్టుకుని.
"ఏందిమే, దాన్నట్టా చూస్తా ఉండావు?"
చెప్పాను.
నిలువునా చీల్చిన గొట్టం మీదికి వంగి
ఒక నల్లపట్టె చూపించింది, తాకకుండా.
"సోమశిల గేట్లెత్తినేడు మా బిందెలో నీళ్ళు ఇట్నే తేరుకున్న్యాయి.
అడుగున ఇసక, ఆపైన వండు, ఆపైన గంధం.
ఇదో, ఇసక ఇటుండాది. ఇది కింద.
ఈ పురుగు బొక్క జూడు, నోరు అటుంది.
ఎండ్రకాయైనా పురుగైనా
కిందికే గదా తవ్వేది?"

బాణం ఆమెతోనే గీయించాను.
వంకరగా వచ్చింది. పైకొసకి,
అలవాటు కొద్దీ కాబోలు, రెండు మీసాలు పెట్టింది.

ఆ బాణం వెంబడి చదివాను.
వానలు తగ్గుతూ వచ్చాయి.
ఎంత తొందరగా అంటే చెప్పలేను.
ఆ పురుగు తిరిగినంత మేరా
మూడు వందల ఏళ్ళు కలగలిసి ఉన్నాయి.
దాని ఆకలి ముందు నా లెక్క అంతే.

*

నెలాఖరు ఆడిట్‌కి రిజిస్టరు బయటికొచ్చింది.
ఖాళీ గడిలో నిన్నటి తేదీ.
సాయిబూ, ఇదేంది?
మీరాసాహెబ్ తలుపు గొళ్ళెం సరిచేస్తూ, నెమ్మదిగా,
"ఆర్నెల్లు దాటిన సరుకు
పారబోస్తారమ్మా ఈడ."