గేటు సంగతి

రేడియోలో మళ్ళీ అదే పాట.
పికప్పు తలుపు తెరిచే ఉంది.
గాలి ఎటు తిరిగితే అటు ఆ గొంతు,
ఒకసారి చెవి పక్కన,
ఒకసారి వయోమింగ్ సరిహద్దు అవతల.
"నీ కోసం గేటు తీసే ఉంచా" అంటాడు,
ఏడుపు చేతకాని మగాడిలా, గిటారు మీద నెమ్మదిగా.

ట్వైలా తల ఎత్తలేదు.
గుర్రం వెనక్కాలు ఆమె మోకాళ్ళ మధ్య,
నోట్లో నాలుగు లాడం మేకులు.
పగ్గం పట్టుకుని నేను.

పాట ఎవరి మీదో నెబ్రాస్కాలో ఈ మూలంతటికీ తెలుసు.
దాణా కొట్టులో, చర్చి మెట్ల మీద
తలా ఒక అర్థం చెబుతారు.
త్యాగం అంటుంది పోస్టాఫీసు ఆర్డిస్.
ఒట్టి పొగరంటాడు ఆమె మొగుడు.
పదహారేళ్ళ నాకైతే
మనల్ని అట్లా వదిలిపెట్టే మనిషి దొరికితే
ఇంకేం కావాలి అనిపించేది.
ఉండబట్టలేక అడిగేశాను.

ఒక్కో మేకూ తీసి కొట్టింది.
నాలుగూ దిగేదాకా జవాబు లేదు.
కాలు దించి, నడుం పట్టుకుని లేచి,
"పరాయి పొలంలోంచి పోయేటప్పుడు
గేటుని ఏం చెయ్యాలి?" అంది.

ఈ ఇసుక గుట్టల్లో నడకొచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు:
తీసుంటే తీసే, వేసుంటే వేసే.
ఎట్లా ఉందో అట్లా.

"అతను నన్ను చూసిననాడు నాకు గేటే లేదు.
మంచివాడు. చెయ్యెత్తలేదు, మాట తూలలేదు.
రెండు వేసవులు గుంజలు పాతాడు,
అరచేతులు బొబ్బలెక్కేదాకా, నా కోసమే.
ఆనక గేటు పెట్టాడు.
ఆనక దాన్ని తీశాడు.
ఇప్పుడు ఆ తీసినదాని మీద పాట కట్టాడు."

ఆకురాయితో గిట్ట అంచు రుద్దుతూ ఊరుకుంది.
రెండో చరణం రాగానే మాత్రం
లేచి వెళ్ళి గొంతు పెంచింది.
"ఇది బాగుంటుంది. ఇందులో నా కుక్క ఉంది."

సాయంత్రం తిరుగుదారిలో
నేనే దిగాను గేటు దగ్గర.
చేతిలో గొలుసు చల్లగా.
లోపల ఆవులు, బయట దారి.
బండిలో ట్వైలా, హారన్ కొట్టదు, తొందరపెట్టదు.

పొద్దున వచ్చినప్పుడు ఇది తీసుందా, వేసుందా?
ఎంతసేపు నిలబడ్డా
గుర్తు రాలేదు.