తాడు పొడవు

మార్తినీక్ వదిలాక ఇరవై మూడు రోజులు నీళ్ళ మీదే ఉన్నాం.
ఇరుకని ఒక్కరం అనలేదు.
పన్నెండు మీటర్ల పడవ, నలుగురం,
ఆరని మేజోళ్ళు, రెండు ఉల్లిపాయలు మిగిలిన వలసంచి.
అజోరెస్ దీవుల్లో, ఓర్తా రేవులో లంగరు వేసిన రాత్రే
వేడినీళ్ళలో ఉతికిన ఉన్ని చొక్కాలా
పడవ ముడుచుకుపోయింది.

రేడియోలో గొంతు మర్యాదగానే చెప్పింది:
దిగకండి. పసుపు జెండా దించకండి.
ఎన్నాళ్ళని గుల్వెన్ అడిగితే
కాసేపు గరగరలాడి
ఇంకో పడవతో మాట్లాడాలి, అంది.

ఒడ్డు రెండు వందల మీటర్లు.
గాలి తిరిగితే తడిమట్టి, పేడ వాసన.
ఆరేళ్ళ తుగ్దువాల్ ముక్కు ఎగబీల్చి
"అక్కడ ఆవులున్నాయి" అన్నాడు,
మేం దాచిపెట్టింది పట్టేసినట్టు.

పొద్దున పదింటికి దెయోదాతు వస్తాడు, రబ్బరు పడవలో.
మూతికి గుడ్డ. మాటలన్నీ కనుబొమలవే.
అట్టముక్క మీద పెద్దక్షరాలు రాసి ఎత్తి చూపిస్తాను:
రొట్టె. దుంపలు. గ్యాసు. పచ్చగా ఏదైనా.
బ్లీచింగు నీళ్ళ డబ్బాలో డబ్బులు వేసి దించుతాను.
ఒకరోజు అడక్కుండానే ఆరు గుడ్లు పంపాడు,
ఒక్కోటీ ఒక్కో పాత మేజోడులో చుట్టి.
ఉతికి అయిదు తిరిగిచ్చాం.
ఆరోది తుగ్దువాల్ ఇవ్వలేదు.
ఇంటి వాసన వస్తోందట.

తొమ్మిదో రోజు గొడవైంది.
మొదలు ఒక కప్పు. కడగని కప్పు.
కప్పు మీంచి బయల్దేరిన తేదీ మీదికి,
అక్కణ్ణుంచి బ్రెస్ట్‌లో అమ్మేసిన ఇంటి దాకా
ఒక్కో మెట్టే దిగాం, ఇద్దరం, జాగ్రత్తగా.
విసిరికొట్టడానికి తలుపు లేదు.
ఉన్నది తెర.
ఎంత కోపంగా లాగినా
సిగ్గుపడుతున్నట్టు మెల్లగానే జరుగుతుంది.

వెనక కట్టిన చిన్న పడవలోకి దిగాను.
తాడంతా వదిలాను. పది మీటర్లు.
తెడ్డు మరిచిపోయాను.
వాళ్ళకి వీపు పెట్టి కూర్చుంటే
నీటివాలు నన్ను తిప్పి తిప్పి
వాళ్ళ ముందే నిలబెట్టింది.

అప్పుడు చూశాను, బయటినుంచి.
గుండ్రటి కిటికీలో దీపం. కప్పు కడుగుతున్న మోచెయ్యి.
పైతలుపులోంచి బయటికి చాచిన ఎనోరా పాదాలు,
నా పాదాలంత అయిపోయాయి, ఎప్పుడో.

మర్నాడు ఎనోరా పట్టిక గీసింది. మనిషికి గంట.
అలకపాన్పు మాకు నీళ్ళ మీద దొరికింది.
అలగనివాళ్ళూ వెళ్ళి కూర్చునేవారు.
తుగ్దువాల్‌కి తాడు రెండు మీటర్లే.
మెడదాకా లైఫ్ జాకెట్టు బిగించుకుని
"ఇంకొంచెం వదులు" అని అరిచేవాడు,
వదిలితే "ఇంక చాలు" అని.

పదమూడో పుట్టినరోజు సాయంత్రం
ఎనోరా తన గంట అయిపోయినా రాలేదు.
పక్క డేనిష్ పడవలో పిల్లాడు ఏదో జెండా ఎత్తాడు.
పుస్తకం తిరగేసి తిరగేసి తనూ ఒకటి ఎత్తింది:
పసుపూ ఎరుపూ ఏటవాలు చారలు.
అయిదు నిమిషాల్లో రేడియో అరిచింది:
స్క్రావ్, స్క్రావ్, మీ లంగరు జారుతోందా?
ఆ జెండాకి అర్థం అదేనట.
జారట్లేదు, అన్నాడు గుల్వెన్.
నేను నా కూతురి మొహం చూసి
ఏమీ అనలేదు.

ఇక్కడ ఆగిన ప్రతి పడవా రేవు గోడ మీద
తన పేరు రంగులతో రాసి వెళుతుందట.
దూరంనుంచి ఆ గోడ చిందిన అన్నంలా కనిపించేది.
మా పేరు రాయలేదు.
రంగు డబ్బా మూతకి తుప్పు పట్టింది.

పంతొమ్మిదో రోజు వెళ్ళొచ్చన్నారు,
దిగకుండానే.
పీకో కొండ రోజంతా మా వెనకే నించుంది.
చీకటిపడ్డాక చిన్న పడవ గాలి తీసి, మడిచి కట్టేశాం.
అర్ధరాత్రి కాపలా గుల్వెన్‌ది. నిద్రపట్టక పైకెళ్ళి
ముక్కుకొస దాకా నడిచి కూర్చున్నాను. పదిమీటర్లుంటుంది.
వెనక్కి తిరిగాను.
చుక్కాని మోకాలికి ఆనించి, చీకట్లో, రెండు చేతులతో
లేని తాడు కొంచెం కొంచెంగా
వదులుతున్నాడు.