చేతి చమురు

నాలుగు లీటర్ల డబ్బా నాలుగొందల ఎనభై బొలివియానోలు.
మామూలు నూనె నూట డెబ్భై.
తేడా ఎంతో కాగితం మీద వెయ్యక్కర్లేదు నాకు.
సేహా కూడలి నుంచి కింద లోయలోకి
మూడు రోజులు గొంతు చించుకుని జనాన్ని పిలిస్తే
మా వ్యానుకి మిగిలేది అంత.

మెకానిక్ మా మరిదే, రుఫినో.
"వద్దొదినా" అన్నాడు, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.
"ముప్పై ఏళ్ళ ఇంజను. సీళ్ళు ఏనాడో ఎండిపోయాయి.
ఇన్నాళ్ళూ దాన్ని పట్టి ఉంచింది మడ్డే.
ఈ ఖరీదైన నూనె మడ్డిని కడిగేస్తుంది.
కడిగాక కారుతుంది.
అప్పుడు నన్ననొద్దు."

సెవెరో వింటేనా.
కార్నివాల్ మంగళవారం నాడు
వ్యాను నుదుటి మీద రెండు సీసాల బీరు కుమ్మరించాం,
నేలతల్లికి మొదటి చుక్క, తర్వాత నాలుగు చక్రాలకీ,
అద్దాలకి కాగితపు తోరణాలు, సీట్ల మీద పూలరేకులు.
అది గుర్తుచేసి అన్నాడు:
"బయట పోసినదానికి లెక్కడగవు.
లోపల పోసేదానికే అడుగుతావు."
జవాబు తోచలేదు. నడుముకి కట్టిన మూట విప్పాను.

గురువారం సంతలో అదే డబ్బా సగం ధరకి దొరికింది.
మూత దగ్గర వేలు పెట్టి చూస్తే
సీలు మీది జిగురు ఇంకా తడిగా ఉంది.
అమ్మేవాడు ఆకాశంకేసి చూశాడు.
వదిలేసి రెండు బస్సులు మారి లోయలోకి దిగి
రసీదు ఇచ్చే కొట్లో కొన్నాం.
ఆ రోజు ట్రిప్పులు కూడా పోయాయి. అదీ ఖర్చులోకే రాసుకున్నాను.

పోస్తుంటే తేనె రంగు.
ఆ ధారలోంచి అవతల ఉన్న సెవెరో బొటనవేలు కనిపించింది.
పంతొమ్మిదేళ్ళలో ఇంజనులోకి వెళ్ళేది ఏదీ
అంత తేటగా ఉండడం చూడలేదు నేను.

మూడో వారం, తెల్లారేసరికి
వ్యాను కింద నేల మీద ఒక నల్లటి మరక.
మొదట నాణెమంత, ఆదివారానికి రొట్టెంత.
రుఫినో వచ్చాడు, గొంతుకూర్చున్నాడు, చూశాడు.
"నే చెప్పలా" అనలేదు. టీ అడిగాడు.
అంటే బాగుండేది.

మడ్డి గురించి తెలియనిదాన్ని కాను.
ఒరూరోలో అతను పోగొట్టిన పొదుపు డబ్బు మాట
ఇంతవరకూ ఎత్తలేదు.
కడిగితే ఎక్కడెక్కడ కారుతుందోనని.

కానీ జూన్ వచ్చింది.
చలికి బకెట్లో నీళ్ళు పలకలా గడ్డకట్టే వేళ, నాలుగు గంటలకి,
పక్కింటి ఇలారియోన్ తాత తన బండి కిందకి
నిప్పుల డబ్బా తోసి బోర్లా పడుకుని ఊదుతుంటాడు.
ఎదురింటివాళ్ళ ఇంజను దగ్గుతుంది, ఆగుతుంది,
మళ్ళీ దగ్గుతుంది.
మాది ఒక్క తిప్పుకి లేస్తుంది.
పిలవగానే పలికే పిల్లలా.
వరసలో పధ్నాలుగో బండిగా నిలబడేవాళ్ళం, ఇప్పుడు ఆరో బండి.
ఇరవై నిమిషాలు ఎక్కువ పడుకుంటున్నాను.
ఆ ఇరవై నిమిషాలకి ధర వేద్దామని
రెండు మూడుసార్లు పుస్తకం తెరిచాను.
నిద్ర వచ్చింది.

"గిట్టుబాటేనా" అని తాత అడుగుతాడు, మొహమంతా మసితో.
వారానికి అర లీటరు మళ్ళీ పోస్తున్నాం,
సీళ్ళు మార్చాలంటే ఆరొందలంటున్నాడు రుఫినో,
చేతి చమురు వదులుతూనే ఉంది.
అవునంటే తాతకి అంత డబ్బు లేదు.
కాదంటే అబద్ధం.
"నిప్పులు చల్లారుతున్నాయి, చూసుకో" అంటాను.

కారేది వృథా పోకుండా కింద ఒక రేకు పళ్ళెం పెట్టాను.
అందులోది కాస్త తీసి
ఎప్పుడూ కీచుమనే మా వీధి తలుపు మడతబందులకి రాశాను.
ఇప్పుడది చప్పుడు చెయ్యదు.
రాత్రి మా ఎడెల్మిరా ఎన్నింటికి వస్తోందో
తెలియడం లేదు.