బోణీ

నరాన్‌తూల్ సంతలో నాదొక ఇనప కంటైనర్.
పాత టీవీలు, ఫోన్లు, తాళంచెవులు పోయిన తాళాలు,
గాజు వెనక పదకొండు కెమెరాలు.
బయట సున్నాకి ముప్పై మెట్లు కింద చలి.

ఆమె వచ్చి తలుపు వెయ్యలేదు.
"తలుపమ్మా!" అన్నాను. వినిపించుకోలేదు.
పేరు సెవ్జిద్మా. గోబీ నుంచి, రాత్రంతా బస్సులో.
దీల్ కోటు మడతలోంచి రుమాలు మూట తీసింది:
నాలుగు లక్షల ఇరవై వేల తుగ్రిక్‌లు.
"పద్నాలుగు గుడారాల డబ్బు.
ఏ నోటు ఎవరిదో నాకు తెలుసు."

"పెళ్లికా? గుర్రప్పందేనికా?"
"లారీలకి. బొగ్గు లారీలు.
మధ్యాహ్నమే దీపం పెట్టుకుంటున్నాం.
దుమ్మెక్కడ, చూపించు అంటారు ఆఫీసులో.
ఓసారి సంచిలో పోసి పట్టుకెళ్లాను.
మన్ను అన్నారు."

నేను అమ్మేవాణ్ణి. జాలి నా సరుకు కాదు.
అన్నిట్లో అందగాడిని తీసి
ఎదురు కొట్టు ముసలాడి పంటి సందు దాకా
జూమ్ చేసి చూపించాను.
"ఆరు లక్షలు. నీకైతే
నాలుగు లక్షల ఇరవై."
అరచేతిలో తూచింది, మేక పొదుగు తడిమినట్టు.

"వీటిని బయట పెట్టు" అంది.
"బయటెక్కడ?"
"మంచులో. రికార్డు నొక్కి. నేను టీ తాగొస్తా."

పిచ్చిదనుకున్నాను.
కానీ ఆ పూట ఇంకా బోణీ కాలేదు.
చెక్కపెట్టె మీద ఐదింటిని వరసగా పెట్టాను.
ఐదు ఎర్రచుక్కలు.

అందగాడు తొమ్మిది నిమిషాలకే కన్ను మూశాడు.
తరవాత రెండు, దాదాపు కలిసే.
ఇంకోటి చుక్క వెలిగించుకునే నిద్రపోయింది, దొంగది.
నలభై నిమిషాలకి మిగిలింది
మూల పగిలిన బూడిదరంగు మొద్దు,
పట్టీ బదులు బూటు తాడు.

ఉప్పు టీ వాసనతో వచ్చి ముందు గొంతుక్కూచుంది.
"ఇదెంత?"
"మూడు లక్షలు" అంది నా నోరు.
విప్పి ముక్కలుగా అమ్ముకుందామని
పక్కన పడేసిన సంగతి చెప్పలేదు.

ఆమె బేరమాడలేదు.
ఇరవై వేల నోటు ఒక్కొక్కటే పెడుతూ
ఒక్కో పేరు చెప్పింది.
దోర్లిగ్. ఖండా. రెండు ఒంటెలు పోయిన శారవ్.
తొమ్మిదో పేరు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాను.
ఎందుకు పెట్టానో
లెక్క ఇప్పటికీ తేల్లేదు.

బ్యాటరీ ఊడదీసి చంకలో దోపుకుంది,
చలికి పుట్టిన గొర్రెపిల్లని దాచినట్టు.
పోతూ పోతూ తలుపు వేసింది.

రేపు ఆ ఆఫీసులో తెర మీద
ముందు నలభై నిమిషాలు నా బూట్లే కనిపిస్తాయి,
అటూ ఇటూ, అటూ ఇటూ.
ఆ తరవాతే దుమ్ము.